పొద్దున పూట కదలని బోల్టు

కినత్తుకడవు,
నవంబరు 17.

అన్నకు కమల రాసుకునేది.

ఇక్కడ అందరం బాగున్నాం. అక్కడ నువ్వూ వదినా బాగున్నారని తలుస్తాను.

ఫోను చేయకుండా కాగితం తీశానంటే పోట్లాటకేనని నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. నాయన పెట్టిన రూలు అదే కదా. నోటితో పోట్లాడితే ఇల్లు దద్దరిల్లుతోంది, పలక మీద పోట్లాడండి అని మనిద్దరికీ తెలుగు అక్షరాలు దిద్దించాడు. ఇంట్లో తక్కినవాళ్ళకు తెలుగు నోటి వరకే; చదవాలంటే తమిళం, ఇంగ్లీషు. అందువల్ల ఈ ఉత్తరం ఎవరి చేతిలో పడినా నాకు భయం లేదు. పైగా నువ్వు చెవి మిషన్ను డ్రాయరులో దాచిపెట్టి ఫోనులో ఊరంతా వినేలా అరుస్తావు.

విషయానికి వస్తాను. నేను రైఫిల్ కొన్నాను.

నవ్వు. బాగా నవ్వడం ముగించి ఆ తర్వాత చదువు.

అరవై ఒకటో ఏట ఈమెకు ఇదేం పిచ్చి అని అనుకుంటావు. పోయిన ఏడు కోయంబత్తూరు క్లబ్బులో చేరాను. ఇన్నాళ్ళూ వాళ్ళ రైఫిల్‌తో కాల్చాను, నీకు చెప్పలేదు. ఇప్పుడు లైసెన్సు వచ్చింది, నా సొంతానికి పాయింట్ టూ టూ కొన్నాను. నీ దానిలాగే ఒక్కో గుండు పెట్టి బోల్టు మూసి కాల్చేది. నేలమీద పడుకుని కాల్చడం నాకు సులువుగానే ఉంది. లేవడమే కష్టం.

చిక్కంతా బోల్టుతో. పొద్దున ఏడు గంటలకు పట్టేస్తుంది. పిడి పైకి లేస్తే కిందికి దిగదు, దిగితే పైకి లేవదు. ఎలాగో మూసి ట్రిగ్గర్ నొక్కితే లోపలి పిన్ను నిద్రమత్తులో వెళ్ళి గుండుని తట్టి వస్తుంది, పేలదు. ఎండ ఎక్కాక అదే బోల్టు వేలితో తోస్తే జారిపోతుంది. మధ్యాహ్నం షాపుకు పట్టుకెళితే ఆ మనిషి చకచకా పదిసార్లు ఆడించి చూపించి, "ఎన్నమ్మా, నల్లాత్తానే ఇరుక్కు, బాగానే ఉంది కదా" అన్నాడు.

జనవరి 19 ఆదివారం మా క్లబ్బులో వెటరన్స్ కప్పు. నువ్వు మూడుసార్లు ఎత్తుకెళ్ళిన కప్పే. ఆడా మగా అందరూ ఒకే వరుస. మొదటి బెల్లు పొద్దున ఏడింటికి. రైఫిల్ మొరాయిస్తే వరుసలోంచి లేపేస్తారు. నాకా కప్పు మీద ఆశ లేదు అన్నా. చిన్నప్పుడు నువ్వు నాయన పక్కన పడుకుని కాలుస్తుంటే నేను ఎండలో పరిగెత్తి గురికార్డులు తెచ్చిచ్చేదాన్ని. ఒక్కసారి నీ పక్కన పడుకుని నేనూ కాల్చాలి. అంతే నా కోరిక.

బోల్టు సంగతి నీకు తెలిసినంత ఎవరికీ తెలియదు. వెంటనే రాయి.

కమల


ఆండిపట్టి,
నవంబరు 25.

చెల్లెలు కమలకు అళగిరిసామి ఆశీర్వాదం.

నవ్వాను. ముగించి చదవమన్నావు, ముగియడానికి రెండు రోజులు పట్టింది. ఏమైందని మీ వదిన అడిగితే చెప్పాను. ఆమె నవ్వలేదు. "మంచిదే కదా" అన్నది. ఆడవాళ్ళంతా ఒక కట్టు.

ఇప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకుని చదువు. రైఫిల్ నోరు ఎప్పుడూ గురి వెనక మట్టికట్ట వైపే ఉండాలి. లోపల గుండు లేదని కంటితో చూడు, చూశాక వేలితో తడుము. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే వెంటనే బోల్టు లాగకు. అలాగే పట్టుకుని కొంచెంసేపు ఆగు, ఆలస్యంగా పేలే గుండ్లు ఉంటాయి. ఇందులో నవ్వులాట లేదు.

బోల్టు మీద చెక్కిన నంబరూ రైఫిల్ మీది నంబరూ ఒకటేనా చూడు. షాపులో నాలుగు రైఫిళ్ళు ఒకేసారి తుడిచి, దీని బోల్టు దానికి తొడిగే మహానుభావులు ఉన్నారు. నంబరు సరిగా ఉంటే, ఫ్యాక్టరీలో పూసిన గ్రీజు పూర్తిగా పోయిందా చూడు. గుండు కూర్చునే గూటిని ఇత్తడి బ్రష్షుతో శుభ్రం చెయ్. ముఖ్యంగా బోల్టును చివరిదాకా ముందుకు తోసి ఆ తర్వాతే పిడి కిందికి తిప్పు. నువ్వు సగంలోనే తిప్పుతుంటావు. చిన్నప్పుడు తలుపు గడియ కూడా అలాగే వేసేదానివి, రాత్రంతా తలుపు కొట్టుకునేది.

ఇన్ని చేసినా కదలకపోతే తప్పు బోల్టుది కాదు, చేతిది. కార్డు తేవడం వేరు, కాల్చడం వేరు కమలా. కొత్త సంవత్సరానికి సరికాకపోతే దాన్ని అమ్మేసెయ్. నలుగురి ముందు వరుసలోంచి నిన్ను లేపేస్తే పోయేది నాయన పేరు.

అళగిరిసామి


కినత్తుకడవు,
డిసెంబరు 3.

అన్నకు,

నంబరు ఒకటే. గ్రీజు మొదటి రోజే తుడిచేశాను, మచ్చ కూడా లేదు. గూడు బ్రష్షుతో తోమాను. బోల్టు చివరిదాకా తోశాను, ఇంకా తోస్తే రైఫిల్ ముందునుంచి బయటికొచ్చేది. ఈ పొద్దున కూడా పట్టేసింది. మధ్యాహ్నం బాగుంది. నా చెయ్యే తప్పు చేస్తుంటే అది పన్నెండు గంటలకు ఎలా నేర్చుకుంటుందో నువ్వే చెప్పు.

చెయ్యి అని రాశావు కాబట్టి నేనూ ఒకటి రాస్తాను. నువ్వు కాల్చిన కార్డులు నేను పారేసేదాన్ని కాదు. వాకిట్లో పెట్టి పైన ముగ్గుపిండి పోసి తట్టేదాన్ని. నీ గుండ్లు పడిన చోటల్లా చుక్క పడేది. తూర్పున రెండు, పడమట మూడు, ఒకటి వెళ్ళి గడప కింద. ఏ చుక్కను ఏ చుక్కతో కలపాలో తెలియక అమ్మ తల పట్టుకునేది. మూడు కప్పులు ఆ తర్వాతెప్పుడో వచ్చాయి గాని, నీ మొదటి గురి ఎలా ఉండేదో మన వీధి వీధంతా తొక్కుకుంటూ నడిచింది.

పందెం వేసుకుందాం. 19వ తేదీ నా బోల్టు పట్టేసి నన్ను లేపేస్తే రైఫిల్ అమ్మేస్తాను, నీ వెనక నిలబడి మళ్ళీ కార్డులు తెచ్చిస్తాను. నేను ఆఖరి గుండు దాకా కాలిస్తే ఇంక జన్మలో నా చేతి గురించి మాట్లాడకూడదు.

కోపం నీ మీదే, వదిన మీద కాదు. ఆమెకు మన తోట కొబ్బరినూనె ఒక డబ్బా పంపిస్తున్నాను, మన చెక్కు గానుగలో ఆడించింది, ఏ కల్తీ లేదు. బస్సులో వేస్తాను. నువ్వు మునక్కాయలు అమ్మడానికి మదురై మాట్టుతావణి మార్కెట్టుకు వచ్చే రోజు తీసుకువెళ్ళు. తలకు, కూరకు, కీచుమనే తలుపుకు, కుట్టుమిషనుకు, దేనికైనా సరే. మా ఇంట్లో అన్నిటికీ అదే.

కమల


ఆండిపట్టి,
డిసెంబరు 14.

ఏమే కమలా!

దొరికింది. నీ బోల్టు రోగం దొరికింది. ఆశీర్వాదం ఆఖర్న రాస్తాను, ముందు ఇది చదువు.

నిన్న పొద్దున తలంటుకోవాలని మీ వదిన నీ డబ్బాలోంచి సీసాలోకి పోసిన నూనె తీసింది. వంచితే రాదు. తలకిందులు చేస్తే రాదు. ఇక్కడ కొండగాలికి సీసా సీసా గడ్డకట్టింది. "మంచి నూనె అంటే ఇది, కమల పంపింది చూడండి" అని మురిసిపోతూ దాన్ని ఎండలో పెట్టింది. పది గంటలకు చూస్తే నీళ్ళలా ఉంది. నేను కాఫీ తాగుతూ చూస్తున్నాను. పొద్దున గడ్డ, ఎండెక్కితే జారుడు. నా చేతిలో కాఫీ చల్లారిపోయింది.

అప్పుడు నీ ఉత్తరం మళ్ళీ తీశాను. "మా ఇంట్లో అన్నిటికీ అదే."

కొబ్బరినూనె! రైఫిల్ బోల్టుకు కొబ్బరినూనె! లోకంలో మనుషులు ఇనుముకు ఏమేమో పూస్తారు, కొబ్బరినూనె పూసే మనిషి నా చెల్లెలు ఒక్కతే. తాలింపు కూడా వేశావా? మీ పక్క చలిగాలికి బోల్టు లోపల కొబ్బరినూనె గడ్డకట్టి కూర్చుంటే పిడి ఎలా దిగుతుంది, పిన్ను ఎలా తంతుంది? కొబ్బరినూనె! మీ వదినకు చెబుతుంటే ఊపిరాడక మంచం మీద కూలబడ్డాను. రేపు మార్కెట్టులో కనబడిన ప్రతివాడికీ చెబుతాను.

బోల్టు బయటికి తీసి కొబ్బరినూనె చుక్క మిగలకుండా కడుగు. షాపువాడు రైఫిల్‌తో ఇచ్చిన చిన్న డబ్బాలో గన్ ఆయిల్ ఉంటుంది, అది పల్చగా ఒక చుక్క చాలు. ఇంతే వైద్యం. వైద్యుడికి ఫీజు అక్కరలేదు, "అన్నా నువ్వు చెప్పిందే నిజం" అని ఒక్క వాక్యం రాసి పంపు. అద్దం కట్టించి గోడకు పెట్టుకుంటాను.

కొబ్బరినూనె.

ఆశీర్వాదం.

అళగిరిసామి


కినత్తుకడవు,
డిసెంబరు 21.

అన్నకు,

చెప్పినట్టే కడిగాను. గన్ ఆయిలే వేశాను, దాని వాసనకు తలనొప్పి వచ్చింది. పొద్దున అలాగే పట్టేసింది. నువ్వు చెప్పింది కాదు.

కమల


ఆండిపట్టి,
డిసెంబరు 28.

చెల్లెలు కమలకు,

నీ ఉత్తరం ముక్క అందింది. ఇది అయ్యే పని కాదు. ఇంకోసారి కడుగు.

నేను పొరపాటు పడ్డానేమోనని రాత్రి నిద్ర పట్టలేదు. అందుకని నా సొంత బోల్టు తీసి దానికి నీ నూనె నిండా పట్టించి, కిటికీ దగ్గర చలిలో పెట్టాను. పొద్దున రైఫిల్‌లో పెట్టి చూస్తే సగందాకా వెళ్ళి నిలిచిపోయింది. చూశావా, నేను చెప్పిందే నిజం! అని అరిచాను. మీ వదిన లేచి వచ్చి, "నిజమే గాని, ఇప్పుడు రెండు బోల్టులు పట్టేశాయి" అన్నది. దాన్ని కడగడానికి నాకు రోజంతా పట్టింది. ఇల్లంతా పచ్చడి నూరినట్టు కొబ్బరి వాసన.

నాది కడిగాక బాగైంది. నీది ఎందుకు కాలేదు? పిన్ను చుట్టూ ఉండే స్ప్రింగ్ సందుల్లో చూశావా? పిడి మొదట్లో ఏమైనా గీత పడిందా? తేని ఊళ్ళో నాకు తెలిసిన పాత మెకానిక్కును అడిగాను. అతను అంతా విని "అమ్మగారికి కోపం ఎక్కువా?" అన్నాడు. ఇనుము గురించి అడిగితే ఇలాంటి జవాబులు. చూసిందంతా వివరంగా రాయి. ఒక్క ముక్క రాసి మనిషిని చంపకు.

అళగిరిసామి


కినత్తుకడవు,
జనవరి 4.

అన్నకు,

నీ సొంత బోల్టుకు నూనె పట్టించి చూశావా! ఆ చోటు వచ్చేసరికి ఉత్తరం పక్కన పెట్టి పెరట్లోకి వెళ్ళి నవ్వి వచ్చాను.

స్ప్రింగ్ చూశాను, గీత ఏదీ లేదు. ఇక్కడ చలి ఇంకా ఎక్కువైంది, పొద్దున దుప్పటిలోంచి చెయ్యి బయటికి రావడం లేదు. బోల్టూ మనలాంటిదే కాబోలు, కొంచెం వేడి తగిలితే లేస్తుంది. ఏదో ఒకటి చేస్తాను. నువ్వు మనసు పాడు చేసుకోకు. పందెం పందెమే, లేపేస్తే అమ్మేస్తాను.

కమల


ఆండిపట్టి,
జనవరి 11.

చెల్లెలు కమలకు ఆశీర్వాదం.

ఈసారి బోల్టు గురించి కొత్తగా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. తెలిసిందంతా చెప్పేశాను. అది పని చేయలేదు. అరవై ఏడేళ్ళ మనిషికి ఈ మాట రాయడం ఎంత కష్టమో నీకు తెలుసు.

18వ తేదీ బయల్దేరి వదిన చెల్లెలి ఇంట్లో దిగుతాం, అక్కడినుంచి నేరుగా క్లబ్బు రేంజికి వస్తాం. నువ్వు భయపడకుండా పడుకో. బోల్టు పట్టేస్తే గింజుకోకు, చెయ్యి ఎత్తు. నేను లేచి నా రైఫిల్ నీకిచ్చి వెనక కుర్చీలో కూర్చుంటాను. సెక్రటరీకి ఫోను చేసి అడిగాను, చెవి మిషను పెట్టుకునే అడిగాను. కుదురుతుందన్నారు. నా బోల్టు ఇప్పుడు శుభ్రంగా ఉంది. పిడి కొంచెం బిగువు, నీ చేతికి సరిపోతుంది.

నేను మూడుసార్లు గెలిచాను. ఒక కప్పుతో మీ వదిన బియ్యం కొలుస్తోంది. నాలుగోది తెచ్చి ఏం కొలవాలి? నువ్వు ఆ వరుసలో పడుకుని ఆఖరి గుండు దాకా కాల్చడం నాకు చూడాలని ఉంది. పందెం మాట ఎత్తకు. రైఫిల్ అమ్మొద్దు.

అళగిరిసామి


కినత్తుకడవు,
జనవరి 22.

అన్నకు కమల రాసుకునేది.

ఇది కూర్చుని చదువు. వదినను పక్కన కూర్చోబెట్టుకో, కోపం వస్తే పట్టుకోవడానికి.

ఆదివారం బోల్టు గురించి నువ్వు అడిగావు, నేను జవాబు చెప్పకుండా కారెక్కేశాను. ఇప్పుడు చెబుతున్నాను. నా బోల్టు డిసెంబరులోనే బాగైపోయింది. నీ ఉత్తరం అందిన రోజే కడిగి గన్ ఆయిల్ వేశాను, మర్నాడు పొద్దున ఏడింటికి వేలితో తోస్తే వెళ్ళింది. అన్నా, నువ్వు చెప్పిందే నిజం.

ఆ వాక్యం అప్పుడే రాద్దామని కూర్చున్నాను. నీ ఉత్తరం ఇంకోసారి చదివాను. తాలింపు వేశావా అన్నావు. మార్కెట్టంతా చెబుతానన్నావు. అద్దం కట్టించి గోడకు పెడతానన్నావు. అంత సంతోషం నీకు ఇవ్వడం నా వల్ల కాలేదు. కలం దానంతట అదే "నువ్వు చెప్పింది కాదు" అని రాసేసింది. ఒక అబద్ధం రాశాక వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో నీకు నేను చెప్పాలా?

నీ ఆఖరి ఉత్తరం 16వ తేదీ అందింది. "నా రైఫిల్ నీకిచ్చి" అన్న చోట ఏడ్చాను. నిజం చెబుదామని ఫోను కూడా తీశాను. నువ్వు అరుస్తావని పెట్టేశాను. పైగా మొదటి బెల్లు కొట్టగానే బోల్టు గడగడా ఆడితే నువ్వు ఆ క్షణమే కనిపెట్టేస్తావు. దానికి ఒక కారణం కావాలి కదా. అందుకే ఆ ఇడ్లీలు.

ఆదివారం నువ్వు చూసిందంతా నాటకం. బోల్టును గుడ్డలో చుట్టి హాట్‌బాక్సులో పెట్టాను, చుట్టూ వేడి ఇడ్లీలు పేర్చాను. నువ్వు నా పక్క చాప మీద పడుకుని కంగారుగా నావైపే చూస్తుంటే, మూత తీసి, రెండు ఇడ్లీలు పక్కకు జరిపి, ఆవిరి వస్తున్న బోల్టును బయటికి తీసి రైఫిల్‌లో తోశాను. సెక్రటరీ నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. నువ్వు మాత్రం మొదట గుడ్లు మిటకరించి, తర్వాత వణకడం మొదలుపెట్టావు. చలికి వణుకుతున్నావనుకున్నాను. ఆ తర్వాత తెలిసింది, నవ్వు ఆపుకుంటున్నావని. నీ మొదటి కార్డు చిన్నప్పటి కార్డుల్లాగే వచ్చింది.

నీ నవ్వు నేను అడిగింది కాదు. కప్పు మదురై బాలసుందరం ఎత్తుకెళ్ళాడు, పోనీ. నాకు ఐదో చోటు, నీకు ఆరోది. నేను నీకంటే ముందు వచ్చానని నాకు సంతోషంగా ఉంది, లేదని రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. అంతకంటే ఎక్కువ సంతోషం, ఆఖరి గుండు కాల్చి తల తిప్పితే నువ్వు నీ గుండ్లు వదిలేసి నా కార్డు వైపు చూస్తుండటం.

ఆవిరికి బోల్టు మీద ఎర్ర మచ్చలు వచ్చాయి. ఏం చేయాలో రాయి. ఈసారి చెప్పినట్టే చేసి, చేశానని కూడా చెబుతాను.

నా ఆఖరి కార్డు ఇందులో పెట్టాను. వాళ్ళు పారేయబోతుంటే అడిగి తెచ్చుకున్నాను. వదినకు చూపించు.

కమల


ఆండిపట్టి,
ఫిబ్రవరి 1.

మోసగత్తె చెల్లెలికి,

ఆశీర్వాదం ఇవ్వాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తున్నాను.

నెల రోజులు నా నిద్ర పాడు చేశావు. నా బోల్టుకు నూనె పూయించావు. తేనిలో ఆ మెకానిక్కు ముందు నన్ను వెర్రివాణ్ణి చేశావు. ఉత్తరం చదివి వినిపిస్తే మీ వదిన, "అమ్మగారికి కోపం ఎక్కువా అని అతను సరిగ్గానే అడిగాడే" అన్నది. ఆమె మొదటినుంచీ నీ పక్షమే. నీ డబ్బా అయిపోయింది, ఇంకోటి పంపమంటోంది. తలకు మాత్రమే.

ఎర్ర మచ్చలకు సన్న ఉక్కు పీచుతో మెల్లగా రుద్ది గన్ ఆయిల్ వేసి తుడువు. ఇడ్లీ వేడి ఇంక వద్దు. సాంబారు జోలికి అసలు పోకు.

"నువ్వు చెప్పిందే నిజం" అన్న చోటు కత్తిరించి పెట్టుకుందామనుకున్నాను. కత్తెర పట్టాక తెలిసింది, వెనక పక్క "నాకు ఐదో చోటు, నీకు ఆరోది" ఉంది. కత్తెర పెట్టేశాను.

నిన్న శుక్రవారం. మీ వదిన వాకిలి ఊడ్చి ముగ్గుకు కూర్చుంటే నీ కార్డు తీసుకెళ్ళి ఇచ్చాను. నువ్వు చిన్నప్పుడు చేసినట్టే నేలమీద పెట్టి పైన పిండి పోసి తట్టమన్నాను. తట్టి ఎత్తింది. చుక్కలు లేవు కమలా. అన్నీ ఒక్క చోటే పడి ఉసిరికాయంత కుప్ప.

"దీంతో ముగ్గు ఎలా వేసేది?" అన్నది మీ వదిన.

వేయలేం అన్నాను. మార్కెట్టుకు బయల్దేరినవాణ్ణి దాన్ని తొక్కకుండా పక్కనుంచి దిగి వెళ్ళాను. సాయంత్రం వచ్చేసరికి చీమలు తినేశాయి.

పై ఏడు కార్డులు నేను తెచ్చిస్తాను. నువ్వు పడుకున్న చోటే ఉండు, లేవడం నీకు కష్టం.

ఆశీర్వాదం.

అళగిరిసామి